వెనిస్‌లో మా ఆడపడుచు తప్పిపోయిన రోజు

కొన్నేళ్ళుగా ఒక మాటని మోస్తున్నాను. చిన్న మాటే. వింటే ఇంతేనా అంటారేమో. కానీ కూర తరుగుతున్నా, చర్చిలో పాట అందుకున్నా, బట్టలు మడత పెడుతున్నా అది లోపల కదులుతూనే ఉంటుంది. మా సంఘంలో పాస్టరుగారి చెవిలో పాపం చెప్పుకునే పద్ధతి లేదు. నేరుగా దేవుడికే చెప్పుకోమంటారు. ఆయనకి ముందే తెలుసు కాబట్టి ఆయనకి చెప్పడం సులువు. తెలియని మనిషికి చెప్పడమే కష్టం. అందుకే మీకు చెబుతున్నాను. పేరు అడగకండి. మాది అమలాపురం. అంతవరకు చాలు.

మా ఆడపడుచుని సుగుణ అంటాను. అసలు పేరు కాదు. మా ఆయనకి చెల్లెలు, నాకంటే కొంచెం చిన్న. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. భర్త పోయాక మా పక్క వీధిలో ఒక్కతే ఉండేది. కూతురు కాకినాడలో కాపురం.

సుగుణ జ్ఞాపకశక్తి గురించి మా బంధువుల్లో చెప్పుకోనివారు లేరు. ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన కుర్రాడు బజార్లో ఎదురైతే ఇంటిపేరుతో సహా పిలిచేది. నా పెళ్ళిలో నాకెవరు ఏ చీర పెట్టారో నేను మరిచిపోయాను, తను చెప్పేది. ఇంట్లో ఏ కాగితం కనపడకపోయినా మా ఆయన పక్కనే ఉన్న నన్ను అడిగేవారు కాదు. ఫోన్ తీసేవారు. "ఉండు, సుగుణనడుగుదాం." నా కాపురంలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదేనేమో.

మంచిదే కదా, సాయమే కదా అనుకునేదాన్ని. పైకి. లోపల ప్రతిసారీ ఒక మంట. ఈ ఇంట్లో నేను ఉన్నట్టా, లేనట్టా? పోనీ తను చెడ్డదా అంటే కాదు. నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చేది తనే. చెడ్డదైతే నా అసూయకి ఒక సాకైనా దొరికేది. ఆ మంచితనం వల్ల అదీ లేకుండా పోయింది.

వెనిస్ వెళ్ళాలన్నది నా కోరిక. నా ఒక్కదాని కోరిక. మా నాన్నగారు కాలవ లాకుల దగ్గర పనిచేసేవారు. లాకుల పక్క క్వార్టర్స్‌లోనే పెరిగాను. తలుపులు తీసి నీళ్ళు వదిలితే పడవలు పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ అన్నం తినేదాన్ని. ఎనిమిదో తరగతిలో సోషల్ టీచరుగారు ఒక ఊరి గురించి చెప్పారు. అక్కడ వీధులన్నీ కాలవలే, గడప దిగితే పడవేనట. ఆ రోజు నుంచీ ఆ ఊరు నాది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

పిల్లలు స్థిరపడ్డాక, కరోనాకి ముందు, హైదరాబాద్ నుంచి ఒక టూరు వెళ్తోందని తెలిసి ధైర్యం చేసి అడిగాను. మా ఆయన మోకాళ్ళు చూపించి తన వల్ల కాదన్నారు. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. సరిగ్గా అప్పుడే సుగుణ వచ్చింది. "నేనూ వస్తాను వదినా. సెలవులే కదా" అంది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "హమ్మయ్య. సుగుణ ఉంటే నాకింక బెంగ లేదు" అన్నారు.

నేనేమన్నాను? సంతోషమన్నాను.

విమానంలో మనసాగక తనకి లాకుల సంగతి, టీచరుగారి సంగతి చెప్పాను. "వాళ్ళు కాలవ గట్టున మేడలు కట్టుకున్నారు, మనం కొబ్బరిచెట్లు వేసుకున్నాం. అంతే తేడా అయ్యుంటుంది" అన్నాను. ఆ మాట ఎన్నేళ్ళ నుంచో నాలో నేను అనుకుంటున్నది. సుగుణ నవ్వి నా చెయ్యి నొక్కింది.

మా టూరువాళ్ళు వెనిస్‌కి పడవ మీద తీసుకెళ్ళారు. నీళ్ళ మీద ముందు గోపురాలు కనిపించాయి, తరవాత మేడలు. గోడల అడుగున పాచి, మెట్ల మీదికి ఎక్కి దిగే నీళ్ళు. పడవ అంచు పట్టుకుని ముందుకు వంగాను. ఈలోగా పడవలో అందరూ వినేలా సుగుణ అంది: "మా కోనసీమలోనూ ఊరూరా కాలవలేనండీ. వీళ్ళు గట్టున మేడలు కట్టుకున్నారు, మేం కొబ్బరిచెట్లు వేసుకున్నాం. అంతే తేడా!"

పడవంతా నవ్వింది. భలే అన్నారండీ అన్నారు. తను నావైపు తిరిగి కళ్ళు కలిపి నవ్వింది. నీ మాటే, చూశావా అన్నట్టు. ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తోంది. అప్పుడు మాత్రం నన్ను దోచుకుని నా ముఖం చూసి నవ్వుతోందనే అనిపించింది.

ఇక అక్కడి నుంచి అందరికీ సుగుణగారే. సుగుణగారూ, ఈ చర్చి పేరేమిటన్నారండీ? సుగుణగారూ, మనవాళ్ళందరూ వచ్చేరా చూడండి. టూరు మేనేజరు కూడా దారి తనకే చెప్పేవాడు. తలుపు ముందర నీళ్ళున్న ఇళ్ళు, చారల చొక్కాలు వేసుకుని పడవలు నడిపేవాళ్ళు, వంతెన మీద నించుని ఫోటోలు దిగే కొత్త జంటలు, అన్నీ నా పక్కనుంచే వెళ్ళిపోయాయి. చిన్నప్పటి నుంచి కలగన్న ఊళ్ళో నేను చూసింది మా ఆడపడుచు వీపు.

మధ్యాహ్నం పెద్ద చౌకులో మమ్మల్ని వదిలారు. కాసేపు ఎవరి ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. తరవాత చౌకులోని గడియారస్తంభం కింద కలవాలి, అక్కణ్ణుంచి తిరుగు పడవ. ఆ మాట మేనేజరు చెప్పినప్పుడు సుగుణ లేదు. ఎవరో ఫోటో తీయమంటే వెళ్ళింది. "మీ ఆడపడుచుగారికి మీరు చెప్పెయ్యండమ్మా" అన్నాడతను. సుగుణ ఫోన్ చార్జింగ్ అయిపోయి నా సంచిలో పవర్ బ్యాంకుకి తగిలించి ఉంది.

సుగుణ వచ్చి అడిగింది, ఎక్కడ కలవాలి వదినా అని. అప్పటికే అటు పెద్ద వంతెన వైపు వెళ్ళి కొట్లు చూసొస్తానంటోంది.

"వంతెన దగ్గరేనంట" అన్నాను.

నోరు జారిందని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. తను వంతెన మాట ఎత్తింది కాబట్టి నా నోటికి అదే వచ్చిందని. కాదు. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఈ రాతెందుకు? తెలిసే అన్నాను. ఒక్కసారి, ఒక్క పూట, సుగుణ ఆలస్యంగా రావాలి. అందరూ విసుక్కోవాలి. నేను ముందే వచ్చి నించుని ఉండాలి. అంతకంటే ఏమీ అనుకోలేదు. తను సందులోకి మలుపు తిరిగేదాకా చూశాను. కేకేస్తే వినపడేంత దూరమే. వెయ్యలేదు.

అందరూ గడియారస్తంభం కిందికి చేరారు. సుగుణ లేదు. మొదట నవ్వుకున్నారు. తరవాత వాచీలు చూసుకున్నారు. మేనేజరు వెతకడానికి పరిగెత్తాడు. ఎటు వెళ్ళిందని నన్ను అడిగాడు. తెలీదన్నాను. పడవ వెళ్ళిపోయింది, ఇంకో పడవకి ఆగాం. ఎండ తగ్గింది. ఇప్పుడైనా వంతెన అని చెబుదామా అనుకున్నాను. చెబితే మరి ఇందాక తెలీదన్నారేం అంటారు. ఆ భయమే గెలిచింది.

సుగుణ వంతెన మీద నించుని నించుని, ఎవరూ రాకపోయేసరికి కంగారుపడి సందుల్లో పడి తిరిగిందట. ప్రతి సందూ నీళ్ళ దగ్గరే ఆగిపోయిందట. చివరికి పడవల రేవు దగ్గర ఎవరో విదేశీ ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే మేనేజరు చూసి తీసుకొచ్చాడు. జుట్టు రేగిపోయి ఉంది. పమిట కొంగు తడిసి ఉంది. తను ఏడవడం భర్త పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే.

అందరి ముందూ నా చేతులు పట్టుకుంది. "వదినా, వంతెన దగ్గరన్నావు కదా?"

అందరూ నావైపు చూశారు. దాటిపోవడానికి అదొక్కటే దారి దొరికింది నాకు.

"లేదమ్మా. గడియారస్తంభం అనే చెప్పేను. నువ్వు ఆయ్ అన్నావు కూడాను. మన అమలాపురంలో లాగే ఇక్కడా గడియారస్తంభమే అని నవ్వేవు. గుర్తు లేదా?"

ఆ నవ్విందన్న ముక్క ఎందుకు కలిపాను? ఎవరడిగారు? అబద్ధానికి ప్రాణం పోయడానికి అంత చిన్న వివరం చాలునని నాకెవరు నేర్పారు?

సుగుణ నా ముఖంలోకి చూసింది. నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. నన్ను కాదు, తనని అనుమానించుకుంది. కళ్ళు మెల్లగా దించుకుని, "అవునేమో వదినా" అంది.

పడవలో ఒకావిడ జాలిగా అంది, మా అత్తగారికీ ఇలాగే మొదలైందండీ అని. సుగుణ వింది.

ఇంటికొచ్చాక మా ఆయనకి చెప్పాను. కాకినాడలో సుగుణ కూతురికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ తను నవ్విందన్న ముక్క ఇంకాస్త స్పష్టమైంది. "నువ్వు దగ్గరుండబట్టి సరిపోయింది" అన్నారు మా ఆయన. ఆ మాట కోసమే కదా ఇదంతా? అవును. ఆ రోజు ఆ మాట తియ్యగానే ఉంది. దాచను.

తరవాత తాళాలెక్కడ పెట్టానో అని అందరిలాగే వెతుక్కున్నా సుగుణ భయపడేది. పాలు పొంగిపోతే కుర్చీలో కూలబడేది. మెల్లగా స్కూటీ మానేసింది. వైస్ ప్రిన్సిపాల్‌గా ఉండమంటే వద్దంది. పిల్లలకి ఎక్కడ తప్పు లెక్క చెబుతానోనని ముందే ఉద్యోగం వదిలేసింది. బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుంటే రాణిలా ఉండేది. ఇప్పుడు కూరగాయలకి వెళ్ళాలన్నా, "వదినా, తోడొస్తావా" అని ఫోన్ చేస్తుంది. చర్చిలో స్త్రీల సమాజంవారు సుగుణ జ్ఞాపకశక్తి కోసం ప్రార్థన పెట్టారు. తన పక్కనే మోకరించాను. ఆమెన్ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను.

ఇప్పుడు మా ఆయన ఏదడిగినా నన్నే అడుగుతున్నారు.

ఈమధ్య ఆ కూతురే పట్టుబట్టి తల్లిని కాకినాడలో పెద్ద డాక్టరు దగ్గర చూపించింది. మేమూ వెళ్ళాం. స్కానింగులు, పరీక్షలు అన్నీ అయ్యాయి. డాక్టరుగారు నవ్వుతూ అన్నారు, "ఏమీ లేదమ్మా. మీ జ్ఞాపకశక్తి నాకంటే బాగుంది." మా ఆయన చెల్లెలి భుజం తట్టి, "నేను చెప్పలేదూ, మా సుగుణకి ఎవరూ సాటి రారు" అన్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అందరికంటే నేను సంతోషించాల్సిన క్షణం అది. కానీ ఆ మాట వినగానే నా లోపల ఆ పాత మంటే లేచింది. ఇంత చేశాక కూడా. నేనేం మనిషిని?

తిరిగొస్తుంటే యానాం దాటాక సుగుణ నా చెవి దగ్గరికి వంగింది.

"డాక్టరుగారు మంచాయన వదినా. నేను భయపడకూడదని అలా అన్నారు. ఆ ఊళ్ళో నేనేం చేసేనో ఆయనకి తెలీదు కదా. నీకు తెలుసు."

ఒక్క మాట చాలు. ముందు సీట్లో మా ఆయన ఉన్నారు. కారు వెళ్తోంది. నేను కిటికీ వైపు తిరిగాను.

తనకి చెబుతానా? తెలీదు. చెబుతానని మీకు మాటివ్వను. క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు. సుగుణ ఏదీ మరిచిపోలేదు. నేను వంతెన అన్నాను, తను వంతెన అనే వింది. ఇంతకాలం ఇది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.