ధ్వని వేగాన్ని దాటిన కిచిడీ

విమానం ఊసే లేకుండా రాయదుర్గం రోడ్డు మీద నేను పిడుగు ఎలా వేశానో చెబుతాను. మా మేనేజరు ఇదే కథను వేరేలా చెప్పుకుంటూ తిరుగుతారు. నమ్మకండి.

మా ఆఫీసు కింది అంతస్తులో ఇంటి హాలులాంటి గది కట్టాం. ముందు సోఫా, గోడ వెనక బీరువాలంత స్పీకర్లు. ధ్వనిని మించిన వేగంతో విమానం పోతే కింద ఇళ్లు అదిరేలా మోత వస్తుంది. విమానాలు కట్టే కంపెనీ కోసం దాన్ని విమానం లేకుండానే పుట్టించి, సోఫాలో కూర్చున్నవాళ్లకు ఎంత చిరాకేసిందో పదికి మార్కులు వేయించాలి. ఆ మోత తయారుచేసింది నేను. అయినా మేనేజరు నన్ను "స్పీకర్ల అబ్బాయి" అనేవారు. నేను మరిచిపోలేదు.

ఆ రోజు తెలంగాణ బంద్. వినడానికి రావాల్సినవాళ్లు రాలేదు.

"సాయంత్రానికి మార్కులు రాకపోతే నీ పర్మనెంటు సంగతి మరిచిపో బాబూ," అని మేనేజరు ఫోను.

గేటు ముందు ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గంటె తిప్పుతున్న బోరబండ ఆటో డ్రైవరు మల్లేశన్నను బతిమాలాను.

"చల్లటి గదిలో కూర్చుంటే చాలన్నా."

"కూసుంటం గని, తలుపు తెరిచి పెట్టు తమ్మీ. కిచిడీ మీద జర నిగా ఉండాలె."

తలుపు మూయకుండా మోత పెట్టకూడదని నియమం. రాసింది నేనే. సరేనన్నాను.

గంటె ఇంకొకరికిచ్చి, మల్లేశన్న తన వాళ్లతో సోఫా ఎక్కాడు. మీట నొక్కాను.

"ఎప్పుడు మోగుతది?"

"మోగిందన్నా."

"గిదా? టియర్ గ్యాస్ షెల్లుల నడుమ ముచ్చట్లు పెట్టినోళ్లం తమ్మీ. సున్నా రాస్కో."

"సున్నా గూడ ఎక్కువనే," అన్నాడు పక్కాయన. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

నాకు పూనకం వచ్చింది. మోత హద్దు దాటకుండా ఆపే మీటను పీకేసి, శబ్దాన్ని చివరిదాకా పెంచి మళ్లీ మోగించాను.

సోఫా గుర్రంలా ఎగిరింది. మోత తలుపు దాటి రోడ్డెక్కింది. పోలీసులు కాల్చారని వంటవాళ్లు ఇటు, బాంబు పడిందని బందోబస్తుకొచ్చిన పోలీసులు అటు ఒకటే పరుగు. ఎవరి కాలు తగిలిందో, కిచిడీ గుండిగ బోర్లా పడింది.

మల్లేశన్న బయటికెళ్లి చూసి మెల్లగా తిరిగొచ్చాడు.

"రాస్కో తమ్మీ. అందరి తరఫున పదికి పది."

సాయంత్రం మేనేజరు కాగితాలు తిప్పారు. "మొదటిసారి అన్నీ సున్నాలు, రెండోసారి అన్నీ పదులు. మధ్యలో ఏం మార్చావు బాబూ?"

"కిచిడీ అండి."

పర్మనెంటు మరుసటి ఏడాదికి పోయింది. ఆ పూట అందరికీ అదే పొయ్యి మీద ఉప్మా నేనే చేశాను. దానికీ మార్కులు వేశారు. ఆ అంకె నాతోనే కాటికి వస్తుంది.

కాబట్టి ఆకాశంలోని సమస్త విమానాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పొయ్యి మీద గిన్నె ఉన్న మనిషిని శబ్దం గురించి అభిప్రాయం అడగను. ముందు భోజనం వడ్డిస్తాను, చేతులు కడుక్కునేదాకా ఆగుతాను, ఆ తర్వాతే అదరగొడతాను.