మూడో వరుసలో సమాధి

నేను ఎన్నడూ చూడని ఊరొకటి నాకు మా ఊరికన్నా బాగా తెలుసు. అది హంగరీలో, తూర్పు మైదానంలో, ఎటు చూసినా కొండ కనబడని చోట ఉంటుంది. అమెరికాలో, ఐసెలిన్ అనే ఊళ్ళో మా టౌన్‌హౌస్‌కి ఆనుకుని ఉన్న ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఆ ఊరు ఆవిడది. మొదట్లో అందరినీ పిలిచినట్టే ఆంటీ అన్నాను. తమ ఊళ్ళో పెద్దావిడల్ని నేని అంటారని చెప్పింది. అప్పట్నుంచీ నేని అనే పిలుస్తున్నాను.

నేనికి చూపు మధ్యలో మచ్చ పడింది. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కాగితం తెలుస్తుంది, అక్షరం తెలియదు. అందుకని ప్రతి శనివారం పొద్దున ఓక్ ట్రీ రోడ్‌లో కూరలు కొనుక్కుని వస్తూ ఆవిడ ఇంట్లో ఆగేదాన్ని. వారం రోజుల ఉత్తరాలూ బల్లమీద పోసేది. బిల్లులు ఒక పక్క, డాక్టరు కాగితాలు ఇంకో పక్క, చెత్త నా సంచిలోకి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో చిటికెలో చెప్పేయగలనని నాకు పొగరు. ఆ చెత్త మా ఇంటికి తెచ్చి, కాగితాలు ముక్కలు చేసే మెషీన్‌లో వేసేదాన్ని.

ఉత్తరాల పని అయ్యాక కాఫీ, కాఫీతో పాటు ఊరు. కిరాణా కొట్టువాళ్ళిచ్చిన కేలెండర్ వెనక నేను ఆ ఊరి మ్యాప్ గీశాను, ఆవిడ చెబుతూంటే. ఉత్తరాన రైలు స్టేషను. అక్కణ్ణుంచి ఒకటే పెద్ద వీధి. దానికి ఒక చివర కేథలిక్కుల చర్చి, రెండో చివర శిఖరం మీద ఇనప కోడిపుంజు ఉన్న ఇంకో చర్చి. మధ్యలో సంత జరిగే మైదానం, అందులో గోరువెచ్చని నీళ్ళు వచ్చే బావి. ఆ నీళ్ళు కుళ్ళిన గుడ్ల వాసన వేస్తాయట. ఆగస్టు దాటితే ప్రతి ఇంటి చూరుకీ ఎర్ర మిరపకాయల దండలు. మాది గుంటూరు వైపు. ఆ మాట దగ్గర నాకూ ఆవిడకీ కలిసిపోయింది.

వెనక వీధిలో యూదుల ప్రార్థనా మందిరం ఉండేది. యుద్ధంలో ఒక వేసవిలో వాళ్ళందర్నీ రైలెక్కించారు. ఎవరూ తిరిగి రాలేదు. తర్వాత అందులో ధాన్యం పోశారు. యుద్ధం అయ్యాక కమ్యూనిస్టు ప్రభుత్వంవాళ్ళు ఊరి పొలాలన్నీ కలిపేశారు, నేని వాళ్ళ నాన్నకున్న రెండు గుర్రాల్నీ తోలుకెళ్ళారు. ఆ ప్రభుత్వం మీద తిరుగుబాటు వచ్చిన ఏడు చలికాలంలో నాన్న పదమూడేళ్ళ నేనిని చెయ్యి పట్టుకుని బురద నేలల్లో నడిపించి ఆస్ట్రియా సరిహద్దు దాటించాడు. ఆవిడ కొండని మొదటిసారి చూసింది అప్పుడే. మంచాన పడ్డ అమ్మమ్మని వదల్లేక వాళ్ళమ్మ ఉండిపోయింది. తల్లీ కూతుళ్ళు మళ్ళీ కలుసుకోలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో బడి లేదు, రైలు రోజుకి రెండుసార్లు ఆగుతుంది. నేని వాళ్ళ ఇల్లు ఎప్పుడో కూల్చేశారు. మిగిలింది శ్మశానంలో అమ్మ సమాధి ఒక్కటే. గేటు నుంచి మూడో వరుస, తుమ్మచెట్టు పక్కన. మ్యాప్‌లో అక్కడ నాచేత ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టించి, దాన్ని తన గోడకి తగిలించమంది.

"నన్ను కాల్చాక బూడిద అమ్మ పక్కన పెట్టాలి. ఒకే సమాధిలో పెట్టనిస్తారు. నువ్వు తీసుకెళ్తావా?" అని అడిగింది.

వీసా స్టాంపింగ్ దొరక్క తిరిగి రాలేనేమోనన్న భయంతో ఆరేళ్ళుగా ఈ దేశం గడప దాటని దాన్ని, తీసుకెళ్తానని మాటిచ్చాను. పదమూడేళ్ళప్పుడు విడిపోయిన తల్లిని చేరడం తప్ప ఆవిడకి ఇంకే కోరికా లేదు.

పోయినేడాది వేసవిలో ఆవిడకి ఒక ఉత్తరం వచ్చింది. హంగరీ భాషలో ఉంది. చెత్తతోపాటు ఇంటికొచ్చేసింది. మెషీన్‌లో వేయబోతూ ఎందుకో ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూశాను. సమాధి అద్దె గడువు ముగిసింది, పొడిగించుకోకపోతే స్థలం ఖాళీ చేయిస్తాం, సొమ్ము ఫలానా ఖాతాకి పంపండి. నాకు నవ్వొచ్చింది. చచ్చిపోయినవాళ్ళకి అద్దేమిటి? మా ఇళ్ళల్లో కాల్చేస్తాం, మూడో రోజు అస్థికలు ఏరుతాం, నదిలో కలుపుతాం, అయిపోయింది. పూడ్చినవాళ్ళది ఎప్పటికీ ఆ చోటే అనుకున్నాను. అమెరికాలో ముసలివాళ్ళని ఫోన్ల మీద, ఉత్తరాల మీద ఎలా దోచుకుంటున్నారో రోజూ వింటూనే ఉన్నాం.

మా ఆయనది కరీంనగర్. ఆయనకి చూపిస్తే, "గిది పక్కా స్కామ్. ఆమెకు చెప్పి టెన్షన్ పెట్టకు, ష్రెడ్ చేసెయ్" అన్నారు.

చేసేశాను. చలికాలంలో ఇంకొకటి వచ్చింది. అదీ అంతే. ఆవిడని కాపాడానని నాలో నేను మురిసిపోయాను కూడా. ఇమిగ్రేషన్‌వాళ్ళు పంపిన ప్రతి కాగితం కవరుతో సహా ఫైల్లో పెట్టుకుని, గడువు తేదీలు ఫ్రిజ్ మీద రాసుకునే మనిషిని నేను. ఇంకొకరి గడువు మాత్రం నాకు మోసంలా కనబడింది.

ఈ అక్టోబరు చివర్లో రెండు చామంతి కుండీలు తెమ్మంది నేని. నవంబరు మొదట్లో వాళ్ళ ఊళ్ళో అందరూ సమాధులు కడిగి, చామంతులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కుండీలు కిటికీలో పెడుతూ అంది.

"అమ్మ సమాధికి ఈ ఏడాదో వచ్చే ఏడాదో గడువు. ఇరవై అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. పోయినసారి నేనే వెళ్ళి కట్టొచ్చాను. ఉత్తరం పంపిస్తారు, చూస్తూ ఉండు."

"ఫోన్ చేసి అడుగుదాం నేని" అన్నాను. ఉత్తరాల సంగతి మాత్రం చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే ఊరి ఆఫీసు నంబరు పట్టుకుని కలిపి ఇచ్చాను. వాళ్ళకి అది మధ్యాహ్నం. నేని వాళ్ళ భాషలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ అర్థం చేసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఫోను పెట్టేసి, బల్ల అంచు తడుముకుని కూర్చుంది.

"గడువు పోయినేడాదే. నేను లెక్క తప్పాను. ఏడాదిపాటు సమాధి మీద కాగితం అంటించి ఉంచారట. చూసేవాళ్ళెవరున్నారు. పక్క సమాధి కుటుంబం చోటు అడిగితే వసంతంలో ఇచ్చేశారు. ఎముకలు గోడవార ఉమ్మడి గోతిలో వేశారు. రెండు ఉత్తరాలు పంపామంటోంది ఆఫీసులో అమ్మాయి. పోస్టువాళ్ళు పారేసుంటారు."

ఆ పోస్టువాళ్ళ వెనక దాక్కోవచ్చు. ఒక్క నిమిషం దాక్కున్నాను కూడా. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"వచ్చాయి నేని. రెండూ నేనే చింపేశాను. మోసగాళ్ళు పంపారనుకున్నాను."

"చదివావా?"

"చదివాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

ఆవిడ నా ముఖం ఉండాల్సిన చోటుకేసి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. శ్మశానంలో వేరే చోటు ఎంతైనా ఉంటుంది, మనం తీసుకుందాం అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఆ ఊళ్ళో నాకు చోటెందుకు? అమ్మ పక్కన అడిగాను" అంది.

మర్నాడు చూస్తే చామంతి కుండీలు రెండూ వాకిట్లో, చెత్త డబ్బా పక్కన ఉన్నాయి. ఇంకా విచ్చని మొగ్గలే ఎక్కువ.

శనివారం వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అయినా వెళ్ళాను. తలుపు గడియ తీసే ఉంది. ఉత్తరాలు బల్లమీద ఉన్నాయి. కాఫీ లేదు. ఊరి మాట ఆ రోజునుంచి ఈ రోజుదాకా ఆవిడ నోటివెంట రాలేదు. మ్యాప్ మాత్రం గోడకి అలాగే ఉంది, ఎర్ర గుర్తుతో. ఆవిడకి కనబడదు. కనబడేది నాకే.

"ఇకనుంచి ఏరకు. అన్నీ చదువు, మొదట్నుంచి చివరిదాకా" అంది.

మొదటిది పిజ్జా కూపన్. చదివాను. పెద్ద పిజ్జా కొంటే చిన్నది ఉచితం. కింద చీమల్లాంటి అక్షరాలున్నాయి. అక్కడ ఆపేశాను.

"అంతేనా? గడువు లేదా దానికి?"

"ఉంది నేని. ఈ నెలాఖరు దాకా."

"సరే. తర్వాతది చదువు."