నీలం కారు వెనక చక్రం

2022 వానాకాలం. ముంబైలో గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగి, ఫాక్‌లాండ్ రోడ్ దాటి లోపలికి వస్తే, కామాఠిపురలో మేముండే వరసగదుల చాల్ కింద మూడు షట్టర్ల గ్యారేజ్ నాది. ఇంజన్ పని చేయను, రంగు పని ముట్టను. నాది సస్పెన్షన్ ఒక్కటే. అంటే కారు బరువు మోసే స్ప్రింగులు, వాటి ఊపును ఆపే డాంపర్లు, చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతులు. “ఇంత ఇరుకు గల్లీలోకి అంత పెద్ద కార్లు ఎట్లా వస్తాయి?” అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం నేనెప్పుడో మానేశాను. వస్తాయి, బాగై పోతాయి.

ఆ జూలైలో ఒక పొద్దున శ్యామల వచ్చింది. వర్లి చాల్‌లో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్ల. వాళ్ల తాత కూడా మా తాతలాగే పాలమూరు నుంచి బిల్డింగుల పనికి వచ్చినవాడు. ఖరీదైన పాత కార్లు కొని అమ్మే ఒక సేఠ్ దగ్గర ఆమె డ్రైవర్. కొనడానికి వచ్చినవాళ్లను ఎక్కించుకుని, కారు ఎలా నడుస్తుందో చూపించడం ఆమె పని. ముందురోజు వానలో, ఫ్లైఓవర్ మీద ఎడమ మలుపు తిరుగుతుంటే నీలం కారు వెనక భాగం జారి, కుడి పక్క గోడకు గీసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

“అన్నా, నేను బ్రేక్ కొట్టలే,” అంది వస్తూనే. “సేఠేమో ఆడపిల్లవు, బెదిరి బ్రేక్ తొక్కినవు అంటుండు. కారుల ఏ ఐబు, ఏ లోపం లేదని తేలితే సోమవారం నుంచి రావద్దన్నడు.”

“చూపించిండ్రా ఎక్కడన్న?”

“పెద్ద వర్క్‌షాప్‌ల మెషీన్ మీద పెట్టిండ్రు. అంతా పచ్చగనే వచ్చింది. ఈ లైన్‌ల ఒక్కపారి పేరు ఖరాబైతే మల్ల ఎవలు చాబీ చేతికియ్యరన్నా.”

ఆ పచ్చరంగు సంగతి చెప్పాలి. పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికి తిరిగిందా, బయటికి తిరిగిందా అనేది టో. ముందు నుంచి చూస్తే చక్రం తల ఎటు వాలిందనేది క్యాంబర్. రెండూ కంపెనీ లెక్కలో ఉంటే మెషీన్ తెర మీద పచ్చరంగు, లేకపోతే ఎరుపు. కాని మెషీన్ చూసేది కారు నిలబడి ఉన్నప్పుడు. ఫ్లైఓవర్ మీద కారు నిలబడి లేదు కదా!

“జారింది చేతికి తెలిసిందా, సీటుకు తెలిసిందా?” అని అడిగాను.

“సీటుకే. స్టీరింగ్ మంచిగనే ఉండె. బ్రిడ్జి జాయింట్ మీద ఎగిరి కూసున్నది చూడు, గప్పుడు ఎన్కనుంచి ఎవడో పట్టి తిప్పినట్టయింది.”

బ్రేక్ తొక్కి జారినవాళ్లు ఇలా చెప్పరు. నాకు నమ్మకం కుదిరింది. కాని నా నమ్మకంతో సేఠ్‌కు పనిలేదు. అదే మలుపులో, అదే వానలో, అదే వేగంతో ఆమె ఆ రోజు పొద్దునే ఒక తెల్ల కారు నడిపింది, అది కదలకుండా పోయింది. రెండూ స్పోర్ట్ సెడాన్లే. నాలుగు తలుపులు, ఇంట్లోవాళ్లకు సరిపడా సీట్లు, ఇంజన్ మాత్రం పందెపు కారుది. ఏది కొనాలా అని జనం తలలు పట్టుకునేది ఈ రెండింటి దగ్గరే. “సేఠ్‌కు చెప్పి తెల్లది గూడ పట్కరా, పక్కపక్కన పెట్టి చూస్తా,” అన్నాను.

ముందు రెండింట్లోనూ ఆమె పక్కన కూర్చుని తిరిగి వచ్చాను. తెల్లదానికి కంపెనీ స్ప్రింగులే ఉన్నాయి. రోడ్డును బట్టి తమంతట తామే గట్టిపడి, మెత్తబడే డాంపర్లు. మలుపులో కాస్త వాలి, అక్కడ కుదురుకుని, ఇక కదలదు. నీలందాన్ని పాత ఓనరెవరో పొట్టి, గట్టి స్ప్రింగులు వేసి కిందికి దించాడు. స్టీరింగ్ ముట్టుకుంటే తిరుగుతుంది, వాలడం అనేదే లేదు. మంచి రోడ్డు మీద ఎవరైనా దాన్నే మెచ్చుకుంటారు. గతుకుల మీదికి రాగానే వెనకాల ఏదో బెణికినట్టు ఉంటుంది.

“తెల్లది చెప్పినాక చేస్తదన్నా. నీలంది చెప్పకముందే చేస్తది,” అంది శ్యామల. పత్రికల్లో పేజీలకు పేజీలు రాసినా ఇంతకన్నా బాగా చెప్పలేరు.

నా అనుమానం బంప్ స్టీర్ మీద. గతుకు మీద చక్రం పైకి లేచినప్పుడు దానంతట అదే ఎటో ఒక పక్కకు తిరగడాన్ని అలా అంటారు. మంచి కారులో వెనక చక్రం లేచినప్పుడు కొద్దిగా లోపలికి తిరుగుతుంది, కారు నిలదొక్కుకుంటుంది. బయటికి తిరిగిందా, వెనక భాగం చేజారినట్టే. అది పట్టుకోవాలంటే కారును స్టాండ్ల మీద నిలబెట్టి, వెనక స్ప్రింగులు తీసేసి, చక్రాన్ని జాకీతో కొంచెం కొంచెం లేపుతూ కొలవాలి. కారు పొడవునా దారం లాగి కట్టి, దారానికీ రిమ్ము రెండు అంచులకూ మధ్య దూరం చూడాలి. మా నాయిన మేస్త్రీ. గోడ కట్టేటప్పుడు ఆయన లాగి కట్టిన దారమే నేనూ వాడతాను.

శ్యామల జాకీ దగ్గర కూర్చుంది, నేను కొలిచాను. నీలం కారు కుడి వెనక చక్రం లేస్తున్నకొద్దీ బయటికి తిరిగింది. “దొరికింది చెల్లె!” అని కేకేశాను. తర్వాత తెల్ల కారు పెట్టి కొలిస్తే దాని కుడి చక్రం కూడా బయటికే తిరిగింది. రెండు కార్లూ ఒక్క తీరే అయితే, ఒకటి నిలబడి ఒకటి జారడానికి కారణం డ్రైవరే అవుతుంది.

“అంటే నాదే తప్పా అన్నా?” అంది. జాకీ మీది చెయ్యి మాత్రం తీయలేదు. “మల్ల కొలువు. నాకు ఉత్త మాట వద్దు, సహీ తేలాలె.”

రెండోసారి కొలిచినా అదే వచ్చింది. అప్పుడే నాయిన చాయ్ కోసం మెట్లు దిగి వచ్చాడు. దారాన్ని ఒక కన్ను మూసి చూశాడు. “దారం ఎత్తు యాడికెంచి కొలుస్తున్నవ్‌రా?”

“ఫర్ష్ మీదికెంచే.”

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఓరి నీ పాడుగాను! ఈ ఫర్ష్ పోసింది ఎవరు? నేనే గదరా. మోరీ దిక్కు ఢాల్ ఇచ్చిన. లేకుంటే నువ్వు బండ్లు కడిగిన నీళ్లు యాడికి పోతయ్?”

పని చేస్తూ ఆ నేల వాలు నా కాళ్లకు ఎంత అలవాటైందంటే, అది వాలని మరిచేపోయాను. నీళ్లు మోరీలోకి పోవడానికి మా నాయిన ఇచ్చిన వాలు నా దారాన్ని కూడా వంచింది. దారం ఒక కొన ఎత్తుగా, ఒక కొన పల్లంగా ఉంటే, చక్రం వాలు కూడా టో లెక్కలో కలిసిపోతుంది. మంచి చక్రం కూడా తప్పుగా కనిపిస్తుంది.

నాయిన పైకి పోయి లెవల్ పైపు తెచ్చాడు. మేస్త్రీలు వాడే నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం అది. రెండు కొనల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి, నేల ఎలా ఉన్నా సరే. ఒక కొన ఆయన పట్టుకున్నాడు, ఒక కొన శ్యామల పట్టుకుంది. “కదలకు బిడ్డా, నీళ్లు నిలవనియ్యి,” అంటూ స్టాండ్లన్నీ, దారాలన్నీ సమానం చేయించాడు. ఈసారి తెల్ల కారు చక్రాలు రెండూ బుద్ధిగా లోపలికి తిరిగాయి. నీలందాన్ని పెట్టాం. ఎడమ చక్రం లోపలికి తిరిగింది. కుడి చక్రం లేచినకొద్దీ బయటికే పోయింది.

టో లింక్ విప్పి చూస్తే వంగి ఉంది. చక్రాన్ని వెనక నుంచి పట్టి ఉంచే సన్నటి కడ్డీ అది. ఎప్పుడో ఏదో దెబ్బకు వంగితే, మార్చకుండా పక్క బోల్టు తిప్పి, మెషీన్ మీద పచ్చరంగు తెప్పించారు. నిలబడ్డప్పుడు అంతా సరిగ్గానే ఉంటుంది. మలుపులో బరువంతా కుడి పక్కకు వచ్చి, జాయింట్ మీద చక్రం లేచిందంటే అసలు రంగు బయటపడుతుంది. శ్యామల ఆ కడ్డీని చేతిలో పట్టుకుని ఏడ్చేసింది. “నేను తొక్కలే, చెప్పిన గద,” అంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సేఠ్ వచ్చాడు. ఆయనతో మా మాటలన్నీ హిందీలోనే, నేను తెలుగు చేసి రాస్తున్నాను. దారాలు చూశాడు, వంగిన కడ్డీని నేను ఊరికే తగిలిస్తే చక్రాన్ని తనే జాకీతో లేపి చూశాడు. మొండివాడు కాదు. “సరే, నీ తప్పు లేదు. సోమవారం పనికి రా,” అని శ్యామలతో అన్నాడు. నా వైపు తిరిగి, “ఆ కడ్డీనే గట్టిగా బిగించేయ్. డోర్‌కు రంగు కొట్టించి ఈ వారంలోనే అమ్మేద్దాం. మెషీన్ పచ్చగానే చూపిస్తోంది కదా,” అన్నాడు.

నా కేసు గెలిచానన్న సంతోషంలో అప్పటికే నేను చేతులు తుడుచుకుంటున్నాను. శ్యామల జేబులోంచి నీలం కారు చాబీ తీసి బానెట్ మీద పెట్టింది.

“లింక్ మార్చేదాకా దీన్ని నేను నడపను సేఠ్. కొనేవాళ్లు అడిగితే ఎందుకు నడపనో కూడా చెప్తాను.”

“నీ పని నిలబడింది కదా! ఇంకేం కావాలి నీకు?” సేఠ్ గొంతు పెరిగింది.

“ఆ రోజు కొనడానికి వచ్చినాయన కూతురు వెనక సీట్లో కూర్చుంది. చిన్న పాప. గోడకు గీసుకున్నది ఆ పాప పక్క డోరే.”

నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. చేతిలోని గుడ్డ పక్కన పడేసి చెప్పాను: “పాత లింక్‌తో ఈ చక్రం నా చేతుల మీదుగా ఎక్కదు సేఠ్. కొత్తది తెప్పించండి, లేదంటే బండిని ఇలాగే ఎత్తించుకుపొండి.”

సేఠ్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, ఆఖరికి వెనక డోర్ మీది గీతను చూశాడు. ఫోన్ తీసి లింక్ తెప్పించమని తన మనిషికి చెప్పాడు.

కొత్త లింక్ బిగించి, స్ప్రింగులు ఎక్కించకముందే మళ్లీ కొలిచాం. కుడి చక్రం లోపలికే తిరిగింది. ఆ తర్వాత పొట్టి స్ప్రింగుల బదులు కంపెనీవి వేశాం. వాన పడుతుండగా శ్యామల కారును అదే ఫ్లైఓవర్ మీదికి తీసుకుపోయింది. నేను ముందు డోర్ తీయబోతే ఆపింది. “ముంగట కాదన్నా. ఎన్క కూసో, కుడి దిక్కు.” కూర్చున్నాను. జాయింట్ మీద కారు ఒక్కసారి లేచి, కూర్చుని, గీత గీసినట్టు పోయింది. అద్దంలో నా ముఖం చూసి ఆమె నవ్వింది.

తప్పు డ్రైవర్‌ది కాదని తేల్చితే సగం పనే అయినట్టని ఆ కేసు నాకు నేర్పింది. ఆ బండి మళ్లీ రోడ్డెక్కుతుంది, అందులో ఎవరి పిల్లలో కూర్చుంటారు. అప్పుడే నిలబడ్డ ఉద్యోగాన్ని బానెట్ మీద పెట్టి శ్యామల ఆ మాట అంది. అప్పటి నుంచి బండి తిరిగి ఇచ్చే ముందు ఎవరినో ఒకరిని నడపమని, నేను వెనక సీట్లో కూర్చుంటున్నాను.