అన్నయ్య కోలాటం పాటకు చట్టం వెతికిన వైనం

కాపీరైటు చట్టం మొత్తం నాకు కంఠోపాఠం. విజయనగరం కోర్టులో ఒక లాయరమ్మకి దాని మీద పాఠం కూడా చెప్పి వచ్చాను. నెల్లిమర్ల టీ కొట్టు దగ్గర ఇలాగే చెబుతుంటాను. నమ్మేవాళ్ళూ ఉన్నారు.

జరిగింది వేరు. మా అన్నయ్య జూట్ మిల్లులో పనిచేస్తూ కోలాటం పాటలు కట్టేవాడు. ఆఖరి చరణంలో తన పేరూ ఊరూ పెట్టుకునేవాడు. ఆయన పోయాక, రాజాం వైపు జట్టొకటి ఆయన పాటకు వీడియో తీసి ఫోన్లలోకి వదిలింది. ఆఖరి చరణం ఎత్తేశారు. కింద 'రచన' అని జట్టు గురువు తన పేరే వేసుకున్నాడు.

వదిన అది చివరిదాకా వింది. మళ్ళీ మొదటినుంచి వింది.

"మీ అన్న పేరేదీ మరిదీ?"

వదిన ఆ గురువుకి ఫోన్ చేస్తే, "పాట మాకిచ్చీసినాడు గదప్పా! ఇచ్చీసినాక మాదే గదేటి?" అన్నాడు.

ఆమెకు డబ్బు అక్కర్లేదు. పేరు కావాలి.

చట్టం సంగతి నాకొదిలెయ్యమన్నాను. ఫోన్లో మొదట దొరికిన సైటునే పట్టుకుని, ప్రింట్లు తీయించి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి, వదినను వెంటబెట్టుకుని కోర్టులో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే గదికి వెళ్ళాను. లాయరమ్మ కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, "తాతగారూ, ఇది అమెరికా చట్టమండీ" అంది.

నేను గోడ మీది క్యాలెండరు చూడడం మొదలుపెట్టాను.

ఆవిడ నవ్వలేదు. మన చట్టం సర్కారు వెబ్‌సైట్లో ఊరికే దొరుకుతుందని నా ఫోన్లోనే తెరిచి చూపించింది. పాట మీద హక్కులు ఇచ్చేసినా, రాసింది తానేనని చెప్పుకునే హక్కు రాసినవాడిదేనట. అతను పోతే వారసులు అడగొచ్చట. వదిన ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది.

ఇంటికొచ్చి గురువుకి ఫోన్ కలిపాను. సెక్షన్లు ఏకరువు పెట్టి వణికించేశాను. వీడియో కింద అన్నయ్య పేరు వచ్చింది. గెలిచాం.

ఇంతవరకు రాసి వదినకు చదివి వినిపించాను.

"ఏటి, వణికించినావా? సెక్షన్ నంబరు మర్సిపోయి ఫోను నా సేతికిచ్చీసినావు. మాటాడింది నేను. గెలిసామని రాయకు మరిదీ. కింద పేరు ఎట్టినారు గానీ, ఆ సరణం ఇంకా పాడనేదు. పాడినాక రాద్దువుగాని."