ఎడమకు తిరిగిన సాళ్లు

దయ్యం భయమని తాయెత్తు కట్టుకుని ఎవరైనా మా అంగడికొస్తే ముఖం మీదే నవ్వే మనిషిని నేను. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం. కంటికి కనపడనిది నమ్మను. ఇది మాత్రం కంటికి కనపడింది, కాలికీ తగిలింది.

మా అన్న రాజుపాలెం దగ్గర సేద్యం చేసేవాడు. ఒక వానాకాలం పెన్న దాటబోయి వరదలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి అమ్మ కర్మ చేయనివ్వలేదు. రోజూ రాత్రి వాడికి కంచం పెట్టేది. చూసి చూసి నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

"పెన్న యాడికి పోతాదో ఆడికి నన్ను పిల్చుకపో. చూసినాక నీ ఇష్టం" అంది చివరికి. అంటే కర్మ చేయనిస్తుందన్నమాట. నెల్లూరు దాటి, పెన్న సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లాను.

మధ్యాహ్నం. నీళ్లు తగ్గి ఇసుక మేట బయటపడి ఉంది. దాని నిండా చారలు, దున్నిపెట్టిన చేనులాగా. సముద్రపు పోటు వస్తూ పోతూ అట్లా గీస్తుందని చదివాను. ఒకచోట పాదం తడిసేంత నీళ్లలో పాయ దాటి, అమ్మ చెయ్యి పట్టుకుని మేట మీద చాలా దూరం నడిచాను.

మా వైపు పెన్నలో నీళ్లంటే పైనుంచి, పడమర నుంచి రావాల్సిందే. నేను అటే చూస్తూ ధైర్యంగా ఉన్నాను. నీళ్లు సముద్రం వైపు నుంచి వచ్చాయి. చప్పుడు లేదు, ఏరు వెనక్కి పారుతోంది. తిరిగి చూసేసరికి మాకూ గట్టుకూ మధ్య పాయ నిండిపోయింది. అందులో ఒక్క అడుగు వేస్తే తొడదాకా దిగబడి, వెనక్కి మేట మీదికి వచ్చేశాను. ఇద్దరికీ ఈత రాదు. గట్టు మీద పడవ దగ్గర ఒకాయన చేతులూపుతూ అరుస్తున్నాడు, ఒక్క మాటా వినపడలేదు. అమ్మను చేజేతులా చావుకు తెచ్చాననుకున్నాను.

అమ్మ మాత్రం కింద ఇసుకే చూస్తోంది. "ఇవి పెద్దోడి సాళ్లు రా" అంది.

మా అన్నది ఎడమచేతి వాటం. చేను చివర అందరూ ట్రాక్టరును కుడికి తిప్పితే వాడు ఎడమకు తిప్పేవాడు. సాళ్లు చూస్తేనే వాడి చేనని తెలిసిపోయేది, ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. ఈ చారలు కూడా నేరుగా వచ్చి, మా ముందు కొడవలిలా ఎడమకు తిరిగి, నిండిన పాయలోకే పోయాయి.

"ఆడ శానా లోతు మా, పోవద్దు!" అని అరిచాను. చెయ్యి విడిపించుకుని దిగేసింది. వెనకే దిగాను. నీళ్లు పిక్కల దాకానే. కింద గట్టి నేల, అరికాళ్లకు చారలు తెలుస్తున్నాయి. ఒకసారి కాలు పక్కకు పడితే అడుగు అందలేదు. అమ్మే నా చొక్కా పట్టి లాగింది.

గట్టెక్కాక పడవాయన మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టి, మేం నడిచొచ్చిన చోటే గెడ దించి చూపించాడు. గెడ మొత్తం మునిగింది. అక్కడెప్పుడూ లోతేనట, పడవలు అటే పోతాయట.

పోటు చారల్ని వంకర తిప్పిందంటే ఒప్పుకుంటాను. కానీ మేం నడిచిన నేల, బట్టలు పిండుకునేలోపే ఏమైపోయింది?

అమ్మ ఏడవలేదు. "వాడు గట్టుకు రాలేకపాయె. మనల్ని చేర్చినాడు. ఇంగ కర్మ చెయ్యి రా" అంది.

చేశాను. కర్మ అయిన రాత్రి అమ్మ కంచం పెట్టలేదు. నేనే లేచి, అన్న కూర్చునే చోట ఒకటి పెట్టాను. ఇప్పటికీ పెడుతున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.