విప్పకూడని కప్పు

ఈ రోజు పొద్దున మేస్త్రీ వచ్చి రాయపురంలోని మా ఇంటి పెంకులు ఎత్తి చూశాడు. వాసాలు పుచ్చిపోయాయనీ, వానలు పడేలోగా కప్పు మొత్తం దించి కొత్తది వేయాలనీ చెప్పాడు. నేను సరేననేలోగా అమ్మ అడ్డుపడింది.

“కోడలు కడుపుతో ఉండాది. ఇప్పుడు కప్పు ఇప్పేదానికి లేదు. కారేచోట సిమెంటు పూసి పో మేస్త్రీ.”

ఏడో నెల నిండిన నా భార్య పైకి చూసింది. “సరి అత్తా, మనం ఇప్పొద్దు. అదే వచ్చి నా నెత్తిన పడితే?”

“ఛీ, అపశకునం మాట్లాడొద్దు!”

మేస్త్రీ నావైపు చూశాడు. వాదించే ఓపిక లేక పూయమన్నాను. నా భార్య మంచాన్ని వాసాలు కాస్త గట్టిగా ఉన్న వంటింట్లోకి జరిపాము.

కూలిన ఇళ్ళ దగ్గరికి వెళ్ళి, ముందే తెలిసీ ఎందుకు ఊరుకున్నారని అడగడం నా ఉద్యోగం. రేపటి నుంచి ఆ ప్రశ్న ఎలా అడగాలో మీరే చెప్పండి.