సువార్తమ్మ అడిగిన గుర్తు

ఎండుమిరపకాయను చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని కూడా అది ఎర్రకాయో తాలుకాయో చెప్పేది సువార్తమ్మ. అదెలాగే అని ఎవరైనా అడిగితే, "తాలుకాయ తేలిగ్గా ఉంటదమ్మా. లోపలేం లేని మనుషులు కూడా అంతేగా" అని నవ్వేది. పర్చూరు నుంచి అద్దంకి వెళ్ళే దారిలో ఆ పల్లె. చుట్టూ మిరప, మిరప కాకపోతే పత్తి. ముప్పై ఏళ్ళుగా ఇరవైమంది ఆడవాళ్ళ ముఠాను వెంటబెట్టుకుని కోతలకు తిరిగిన మనిషి. చేలో ఆమె ఒక కేక వేస్తే అవతలి డొంకలో గేదె కూడా తల తిప్పేది.

ఆమె కథ ఆమె పుట్టకముందే మొదలైంది. తల్లికి అంతకుముందు ముగ్గురు పిల్లలు పుట్టి దక్కలేదు. నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ తల్లి పత్తిచేలోనే మోకరించి, "ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని మాట ఇచ్చింది. బిడ్డ బతికింది. సువార్త అని పేరు పెట్టారు. ఐదో తరగతి దాకా చదివించారు. పదహారో ఏట పెళ్ళి చేశారు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాళ్ళూ పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. అన్నీ జరిగాయి గానీ దేవుడు మాత్రం ఆ పాత మాట ఎత్తలేదు.

ఆమె మరిచిపోలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో అందరితోపాటు, ఏడాదికి ఒక బైబిలు మాట రాసి ఉండే వాగ్దానం కార్డు తీసేది. ఈ ఏడైనా 'వెళ్ళు' అని ఉంటుందేమోనని గుడి మెట్ల మీదే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకునేది. ఒక ఏడు ఆహారం గురించి ఉండేది, ఒక ఏడు నీడ గురించి, ఒక ఏడు శాంతి సమాధానాల గురించి. 'వెళ్ళు' అని ఏనాడూ లేదు. సరేలే అని కార్డును బియ్యం డబ్బా మూతలో దాచుకునేది. పూటపూటా గుడికోసం పిడికెడు బియ్యం తీసేటప్పుడు ఆ కార్డు కనపడుతూ ఉండేది.

కొన్ని రాత్రులు ఆమెకు ఒకటే కల వచ్చేది. తెల్లగా విచ్చుకున్న పత్తిచేను, దానికి గట్టంటూ లేదు. ముందు ఎవరో నడుస్తున్నారు. ఆమె వెనకే నడుస్తోంది. కాళ్ళకు పత్తిమొక్కలు తగలవు, మంచు తగులుతుంది. "ఎవరండీ?" అని అడగబోతే నోరు రాదు. మెలకువ వచ్చేది. లేచి కూర్చుంటే అరికాళ్ళు చల్లగా ఉండేవి, నిజంగానే నడిచి వచ్చినట్టు.

ఆ ఏడు జనవరి చివర్లో ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక పాస్టరు జోసఫ్ గారు ఆమెను పక్కకు పిలిచారు.

"అమ్మా, అద్దంకి దగ్గర కొత్తగా ప్రార్థన మందిరం కట్టారు గదా. అక్కడ ఇల్లిల్లూ తిరిగి, జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కూర్చుని, ఆడవాళ్ళకు వాక్యం చెప్పడానికి ఒక బైబిలు స్త్రీ కావాలంట. మీ పేరు చెప్పాను. పై ఆదివారానికల్లా ఏ మాటా చెప్పండి."

యాభై ఆరేళ్ళు ఎదురుచూసిన మాట. వచ్చి ఎదురుగా నిలబడేసరికి సువార్తమ్మ కాళ్ళు వణికాయి.

ఎందుకు వణికాయో ఆమెకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. చేలో కేకలు వేసే ఆ మనిషికి గుడిలో నలుగురి ముందు నిలబడి సాక్ష్యం చెప్పమంటే నాలుక అంటుకుపోయేది. రెండుసార్లు లేచింది. రెండుసార్లూ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. అలాంటిది ముక్కూ మొహం తెలియని ఊళ్ళో వాక్యం చెప్పాలా? ఆ భయం పైకి చెప్పలేక, "దేవుని చిత్తం తెలియాలిగా అయ్యగారూ" అంది. ఎంత మంచి మాట అది! దాన్ని కప్పుకుని పడుకుంటే లోపల ఎవరు వణుకుతున్నారో బయటికి కనపడదు.

ఆ ఆదివారమే ఆయన ప్రసంగంలో ఒక సంగతి చెప్పి ఉన్నారు. పూర్వం ఒక భయస్తుడు ఉండేవాడట. దేవుడు యుద్ధానికి వెళ్ళమంటే నమ్మలేక, కల్లంలో గొర్రెబొచ్చు పరిచి గుర్తు అడిగాడట. ఒక రాత్రి బొచ్చు మాత్రమే తడవాలి, ఇంకో రాత్రి చుట్టూ తడిసి బొచ్చు మాత్రం పొడిగా ఉండాలి. అడిగినట్టే జరిగిందట. సువార్తమ్మ ఆ కథ పట్టుకుంది. గొర్రెబొచ్చు లేకపోతేనేం, పత్తి ఉంది. కల్లమా, ముఠా మొత్తం రోజూ పని చేసేదే కల్లంలో. అది వాళ్ళకు పనిచ్చే రైతు వెంకటరావమ్మ గారిది. మిరపకాయలు ఎండబోసి, సాయంత్రానికి కుప్ప చేసి పట్టాలు కప్పుతారు.

శుక్రవారం సాయంత్రం, కూలీలందరూ వెళ్ళాక, రాత్రి కాపలా మనిషి ఇంకా రాకముందే ఆమె వెనక్కి వచ్చింది. పొద్దు గుంకుతోంది. పట్టాల అంచుల కింద ఎరుపు, ఆకాశంలో ఎరుపు, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో తెలియడం లేదు. గాల్లో ఘాటు. కొంగులోంచి పిడికెడు పత్తి తీసి కల్లం మూల ఖాళీ నేల మీద పెట్టింది. గాలికి ఎగిరిపోతుందేమోనని చుట్టూ ఏడు ఎర్రకాయలు పేర్చింది. పత్తిని ఒత్తేటప్పుడు తల వెంట్రుక ఒకటి దాన్లో చిక్కుకుంది. ఆమె చూడలేదు.

"తండ్రీ, ఇక్కడ మంచుకు తడవడం వింతేం కాదు. చుట్టూ తడిసి, ఇది మాత్రం పొడిగా ఉంటే వెళ్తాను. తడిస్తే ఉండిపోతాను" అని మోకాళ్ళ మీద చెప్పుకుని ఇంటికి వెళ్ళింది.

చూసినవాళ్ళకు అది ఎలా కనపడుతుందో ఆమెకు తట్టనే లేదు. ప్రార్థన చేసిన మనిషి కంటికి అది ప్రార్థనే కదా.

తెల్లవారకముందే వెళ్ళి చూడాలనుకుంది. కానీ ఆ రాత్రి కల ఆమెను వదల్లేదు. నడిచీ నడిచీ, ముప్పై ఏళ్ళలో మొదటిసారి పొద్దెక్కేదాకా పడుకుంది. ఉలిక్కిపడి లేచి, ముఖం కూడా కడగకుండా బయలుదేరింది. మంచు ఇంకా విడలేదు. దారీ, చేలూ, కరెంటు స్తంభాలూ అన్నీ పాలల్లో మునిగినట్టు ఉన్నాయి. ఇది కలా, మెలకువా అనుకుంటూ నడిచింది. కేకలు వినపడ్డాక మెలకువేనని తెలిసింది.

కల్లం నిండా జనం. మధ్యలో వెంకటరావమ్మ గారు, జుట్టు ముడి ఊడిపోయి, చేతిలో ఖాళీ చెంబు.

"చేతబడి! నా కల్లంలో చేతబడి చేశారు! పత్తి, ఎండుమిరపకాయలు, పైగా తలవెంట్రుక! నెరిసిన వెంట్రుకే! పసుపునీళ్ళు పోశాను. ఒక్కరు కూడా నా కాయల్ని ముట్టుకోవద్దు!"

సువార్తమ్మ జనం మధ్యలోంచి తొంగి చూసింది. పత్తి తడిసి ముద్దయి ఉంది. మంచు పడి తడిసిందో, పడక పొడిగా ఉన్నదాన్ని పసుపునీళ్ళు తడిపాయో ఇక ఎవరు చెప్పగలరు? దేవుడిచ్చిన జవాబు ఏదైనా సరే, అది పసుపుపచ్చగా కారిపోయి నేలలో ఇంకిపోయింది. ఆ గాభరాలోనూ ఆమెకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు మరుక్షణమే చచ్చిపోయింది.

కల్లం కాపలా పానకాలు పిచ్చమ్మను రెక్క పట్టుకుని తీసుకొస్తున్నాడు.

పిచ్చమ్మ కాలవగట్టున ఒంటరిగా ఉండే ముసలామె. చూపు తగ్గి ఎర్రకాయల్లో తాలు కలిపేస్తోందని వారం కిందట వెంకటరావమ్మ గారు పనికి రావద్దన్నారు. పిచ్చమ్మ ఊరుకునే రకమా? "నీ కల్లంలో అంతా తాలే మిగిలిద్దిలే!" అని మట్టి ఎత్తిపోసి మరీ వెళ్ళింది. ఆ మాట ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది. తల నెరిసిందా, నెరిసింది. కోపం ఉందా, ఉంది. ఇంకేం కావాలి?

"నేను కాదమ్మా, నాకు కళ్ళే కనపడవు, అంత దూరం నేనెట్టా వస్తాను?" అంటోంది పిచ్చమ్మ.

"శాపం పెట్టినప్పుడు కనపడ్డాయా కళ్ళు?" అన్నారు వెంకటరావమ్మ గారు.

"ముందు గుంజకు కట్టెయ్యండి, ఆమే చెప్పిద్ది!" అని ట్రాక్టరు దగ్గర్నుంచి ఎవరో అరిచారు. ఇంకెవరో అప్పుడే తాడు తెచ్చారు.

సువార్తమ్మ నాలుక అంటుకుపోయింది. అచ్చం గుడిలో లాగే. చెప్తే ఏమవుతుందో ఆమెకు క్షణంలో కనపడింది. ముఠా పని పోతుంది. ఊరంతా నవ్వుతుంది. బైబిలు స్త్రీ కావాల్సిన మనిషి కల్లంలో పత్తి పెట్టి ఊరిని హడలగొట్టిందని పాస్టరు గారికి తెలుస్తుంది. అద్దంకి మాట అక్కడితో సరి. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. పత్తికి నోరు లేదు.

కొంగు నోటి దాకా వెళ్ళింది. అప్పుడు పిచ్చమ్మ, ఆ మసక కళ్ళతో, జనంలో ఎవరైనా తన మనిషి ఉన్నారేమోనని అటూ ఇటూ వెతికింది. ఆ చూపు సువార్తమ్మ మీద పడి, గుర్తుపట్టక, పక్కకు జారిపోయింది.

వారం రోజులుగా దేవుని చిత్తం తెలియడం లేదని తిరుగుతున్న మనిషికి, ఇప్పుడేం చేయాలో తెలియదని అనడానికి వీల్లేకుండా పోయింది.

"అది నేను పెట్టానమ్మా!"

చేలో వేసే కేకే అది. అందరూ తిరిగారు. ఆమె నడిచి వచ్చి మధ్యలో నిలబడింది.

"పిచ్చమ్మక్క కాదు. ఆ వెంట్రుక నాది. చేతబడి కాదు, ప్రార్థన. అద్దంకి సేవకు వెళ్ళనా వద్దా అని దేవుణ్ణి గుర్తు అడిగాను. పత్తి పొడిగా ఉంటే వెళ్దామని పెట్టాను. గాలికి పోద్దని కాయలు పేర్చాను. ఇట్టా అయిద్దనుకోలేదు. నాది తప్పు. ముందు అక్కను వదలండి."

వెంకటరావమ్మ గారు చెంబు కింద పెట్టారు, మళ్ళీ ఎత్తారు.

"ఏందే సువార్తా! మీ దేవుడికి గుర్తు చూపించడానికి నా కల్లమే దొరికిందా?"

"కల్లంలోనే పెట్టాలని బైబిల్లో ఉందమ్మా."

"ఇంట్లో చేట లేదా నీకు? చేటలో పెట్టుకుని చావొచ్చుగా! గుండె ఆగినంత పనయింది!"

వెనక ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో తాడు పట్టుకున్నవాళ్ళు తాడు ఎక్కడ దాచాలా అని చూశారు. వెంకటరావమ్మ గారు మాత్రం నవ్వలేదు. భయపడ్డ మనిషికి నవ్వు అంత తొందరగా వస్తుందా?

"ఈ కోతకి నువ్వు నా కల్లంలో అడుగు పెట్టబాక. పో."

"పోతానమ్మా. అక్కకు ఒక మాట చెప్పండి. పొద్దున్నే ఊరంతా చూస్తుండగా రెక్క పట్టి తెచ్చారు."

వెంకటరావమ్మ గారు అటు తిరిగి, "పానకాలూ, పిచ్చమ్మకు టీ పొయ్యి. కూర్చోబెట్టి పొయ్యి" అన్నారు. ఆమె నోటి నుంచి అంతకుమించి రాదని అందరికీ తెలుసు. పిచ్చమ్మకూ తెలుసు. రెండు గ్లాసులు తాగింది.

సువార్తమ్మ పిచ్చమ్మ చెయ్యి పట్టుకుని కాలవగట్టు దాకా నడిపించింది. మంచు అప్పుడే లేస్తోంది. ఒక్కో మిరపచెట్టూ తడిగా, మెల్లగా, ఇప్పుడే ఎవరో చేసి పెట్టినట్టు బయటికి వస్తోంది.

"ఒసే, నిన్ను కట్టేస్తారనుకోలేదా?" అని అడిగింది పిచ్చమ్మ.

"అనుకోడానికి టైం లేదక్కా."

"అంతమందిలో బాగా మాట్లాడావే. కళ్ళు కనపడకపోయినా చెవులు బాగానే ఉన్నాయి నాకు."

సువార్తమ్మ ఆగిపోయింది. నిజమే, మాట్లాడింది. కాళ్ళు వణికాయా? గుర్తులేదు.

శనివారం సాయంత్రం జోసఫ్ గారు ఇంటికి వచ్చేసరికి ఊళ్ళో ఆ కథ మూడు రకాలుగా తిరుగుతోంది. నాలుగో రకం ఆమే చెప్పింది, ఏదీ దాచకుండా. నలుగురిలో మాట్లాడలేని భయాన్ని దేవుని చిత్తం కింద దాచిన సంగతి కూడా చెప్పింది. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

అంతా విని ఆయన అన్నారు: "సంఘం పెద్దలకు చెప్పాలమ్మా. వాళ్ళు వద్దనొచ్చు."

"చెప్పండి అయ్యగారూ."

"మరి గుర్తు?"

"అది పసుపునీళ్ళల్లో పోయిందండి. పోతే పోయిందిలెండి. పంపిస్తే వెళ్తాను, వద్దంటే కోతలకు వెళ్తాను. ఈ రెండింటిలో దేవుడు ఎక్కడ ఉంటాడా అని ఇన్నాళ్ళూ చూశాను. నిన్న పొద్దున కల్లంలోకి ఆయనే తోసుకొచ్చినట్టుంది నన్ను. తోసేవాడు ఇటైనా అటైనా తోస్తాడు."

"నిన్న కాదమ్మా, ఇవాళ పొద్దున" అన్నారాయన నవ్వుతూ.

"ఇవాళేనా? ఎన్నాళ్ళో అయినట్టుంది."

పెద్దలు మూడు వారాలు నానబెట్టారు. ఒకరు నవ్వులాటగా ఉందన్నారు, ఒకరు ఊరి ముందు తప్పు ఒప్పుకున్న మనిషి ఇంకెవరున్నారన్నారు. ఆ మూడు వారాలూ సువార్తమ్మ వేరేవాళ్ళ చేలల్లో కాయలు కోసింది. సాయంత్రం పూట పిచ్చమ్మ దగ్గర కూర్చుని ఆ రోజు సంగతులన్నీ చెప్పేది. ఆ కల మళ్ళీ రాలేదు. వస్తుందని ఆమె ఎదురుచూడనూ లేదు.

చివరికి రమ్మని కబురొచ్చింది. సోమవారం పొద్దున్నే చేతిసంచితో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బయట అంతా తెల్లటి వెలుగు. పత్తిచేలు అయిపోయి మిరప, మిరప అయిపోయి మళ్ళీ పత్తి. పక్క సీట్లో ఆవిడ ఆ సంచి వైపు, ఆమె వైపు రెండు మూడుసార్లు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎక్కడికండీ?"

"అద్దంకమ్మా."

"అక్కడ మీవాళ్ళెవరున్నారు?"

సువార్తమ్మ సంచిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవరున్నారో వెళ్ళి చూడాలి" అంది.